పాలు పడలేదని చెప్పాం

"పిల్లలకి ఎన్నాళ్ళు పాలిచ్చారు?" అని డాక్టరమ్మ అడిగింది. పెద్దవాడికి రెండేళ్ళ నాలుగు నెలలు, చిన్నదానికి ఏడాది పది నెలలు అన్నాను. రాస్తున్న ఆవిడ తల ఎత్తి చూసింది. ఎవరిని అడిగినా ఏడాదో ఏడాదిన్నరో అంటారట. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, 'సుమారు' అన్న మాట నా నోట రాదు. అది అలా ఉంచి, పాలు మాన్పించిన రోజులు మరిచిపోయే తల్లి ఉంటుందా? వేపాకు నూరి రాసుకుని కూర్చుంటే, పెద్దవాడు ఒకసారి నోరు పెట్టి, నా మొహం వంక చూసి, నా పైట కొంగుతోనే ఆ చేదు తుడిచేసి మళ్ళీ తాగాడు. మర్నాడు ఇంకా చిక్కగా నూరవలసి వచ్చింది.

ఆ ప్రశ్న అడిగేనాటికి వాడు పోయి నెల దాటింది. నలభై ఒకటో ఏట పోయాడు. మెడ పక్కన గడ్డలు, ఒంటి మీద దద్దుర్లు అంటూ మొదలై ఎనిమిది నెలల్లో అంతా అయిపోయింది. రక్తపు క్యాన్సర్ అన్నారు. అందులోనూ ఒక వైరస్ వల్ల వచ్చే రకం. ఆ వైరస్ ఒంట్లో చేరి ముప్ఫై, నలభై ఏళ్ళు చప్పుడు చేయకుండా కూర్చుంటుందట. వంద మందిలో ఉంటే తొంభై అయిదుగురికి పైగా ఏ జబ్బూ లేకుండానే బతికి వెళ్ళిపోతారట. మిగిలిన కొద్దిమందికి మాత్రం అది రక్తంలో తిరగబడుతుంది. పిల్లలకు ఎక్కువగా తల్లిపాల ద్వారా వస్తుంది. ఎన్ని ఎక్కువ నెలలు తాగితే అంత ఎక్కువ ముప్పు.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. కోడలికి లేదు, కాబట్టి మనవళ్ళకూ లేదు. నాకు ఉంది. మా అమ్మాయికి ఉంది. నాకెక్కడిదని అడిగితే, చాలావరకు మీ అమ్మగారిదే అయి ఉంటుందన్నారు. మా అమ్మ ఎనభై మూడేళ్ళు బతికి, మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, అలాగే పోయింది. ఆవిడకు రాలేదు, నాకు రాలేదు, నా కొడుక్కి వచ్చింది. నూటికి అయిదు కూడా లేని లెక్క మా ఇంట్లో వాడి పేరు మీద పడింది. తెలియక చేసిన పనికి తప్పు ఉండదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నాకూ తెలుసు. కానీ వాడు బొద్దుగా ఉండేవాడని, ఇరుగుపొరుగు పిల్లలకంటే ముందు నడిచాడని, అదంతా నా పాల బలమని ఎన్నేళ్ళు చెప్పుకున్నానో!

ఏడాది తిరిగేసరికి అమ్మాయి నెల తప్పింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు. కబురు ఫోనులో చెప్పి అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరమూ ఒక్క దానికే ఏడ్చామని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కడుపులో ఉండగా దాటడం తక్కువ, పాలతోనే భయం, పుట్టిన దగ్గర్నుంచీ డబ్బా పాలే పట్టండి అంది. అమ్మాయి తల ఊపింది. బయటికి వచ్చాక అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. అతను ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరు, దువ్వాడలో ఇల్లు. స్వస్థలం పద్మనాభం దగ్గర పల్లె. తల్లి ఇప్పటికీ పొలంలోకి దిగే మనిషి.

"మా అమ్మకి మాత్రం సెప్పకండత్తా," అన్నాడు. "మా ఊళ్ళో ఇలాటి పేర్లన్నీ ఒకటే. తిరుగుబోతులకొచ్చే ఆ పెద్ద జబ్బే అనుకుంటారు. ఒకసారి మాట పుట్టిందంటే రేపు పుట్టే పిల్ల పెళ్ళీడుకొచ్చినా పోదు."

"అబద్ధం చెప్పాలంటే ఏమని చెప్పాలి?"

"పాలు పడనేదని సెప్దాం."

అమ్మాయికీ చెప్పి అలా తీర్మానించుకున్నాం. అబద్ధం చిన్నదే, దాన్ని మోయడం ఇంత పని అవుతుందని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మార్చి నెలలో ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. పాలు ఆగడానికి మాత్రలిచ్చారు. ఆసుపత్రి నుంచి పురిటికి నా దగ్గరికే తెచ్చుకున్నాను. మా ఇల్లు పాత ఊళ్ళో, రేవుకు దగ్గర. ఇక్కడ బట్టలు ఎండేస్తే సాయంత్రానికి రేవులో దింపే బొగ్గు మసి పట్టేస్తుంది. పాల సీసాలు మరిగించి ఎక్కడ ఆరబెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. డాబా మీద కుదరదు, కిటికీ దగ్గర కుదరదు. చివరికి వంటింట్లో బియ్యం డబ్బా మీద శుభ్రమైన గుడ్డ పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి ఆరబెట్టేదాన్ని. నీళ్ళు కాచడం, చల్లార్చడం, పొడి గీతకు సరిగ్గా కొలవడం, పట్టడం, కడగడం, మళ్ళీ మరిగించడం. డెబ్బయ్యో ఏట మోకాళ్ళు ఒప్పుకోని పని. తల్లిపాలకు ఇవేమీ ఉండవు గదా అని సీసా కడిగిన ప్రతిసారీ అనుకునేదాన్ని.

వారం తిరక్కుండా వియ్యపురాలు దిగింది. పద్మనాభంలో కోడి కూసే వేళకు ఆటో ఎక్కి, ముందు ఫిషింగ్ హార్బర్‌కి పోయి, వేలం దగ్గర నిలబడి బేరమాడి, పాల సొర కొని, సంచిలోంచి నీళ్ళు కారుతుండగా మా గుమ్మంలోకి వచ్చింది. మా వైపు సముద్రం పక్కన బతికేవాళ్ళకు చెప్పక్కర్లేదు. బాలింతకు పాలు పడాలంటే సొర చేపే. ఉడకబెట్టి, ఇసుకలా గరగరలాడే తోలు ఒలిచి, కండ పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తారు. దాన్ని సొర పుట్టు అంటారు. పాలు పడలేదన్న కబురు విన్నవాళ్ళు సొర పంపకపోతే మనుషులే కారు.

"ఓలమ్మ, పాలు పడకపోడవేటి వదినా?" అంది చెప్పులు విప్పుతూనే. "పిల్ల నిండుగానే ఉంది గదా. సప్పిడి కూడు పెడతన్నావేటి?"

"పత్యం పెడుతున్నాను వదినా. వెల్లుల్లి కారం, బీరకాయ..."

"బీరకాయా! బీరకాయకి పాలు పడితే సేపలోళ్ళందరూ వలలు మడిసి బీరపాదులు పెట్టుకుందురు. లెక్కలు సెప్పినంత సుళువు కాదు వదినా, బాలింతకి వొండడం. లే, పొయ్యి నాకొగ్గేయ్."

వదిలేశాను. నిజం చెప్పాలంటే ఎవరైనా పొయ్యి అందుకుంటే చాలనిపించే స్థితిలో ఉన్నాను. ఆవిడ వండింది. తన కోడలి పక్కన కూర్చుని ముద్దలు చేసి పెట్టింది. పెడుతూ తన పాల ప్రతాపం చెప్పింది. "మీ ఆయన మూడేళ్ళు దాటినా ఒగ్గలేదే పిల్లా. నాను ఊడుపులో ఉంటే గట్టు మీదకొచ్చి నిలబడి, 'అమా, పాలకి రా' అని కేకేసీవోడు. కూలోళ్ళందరూ నవ్వలేక సచ్చేవోరు."

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అల్లుడు గుమ్మంలో ఆగిపోయి, "అమ్మా, ఊరుకో," అన్నాడు.

"ఊరుకోడానికేటి? తాగినప్పుడు నేని సిగ్గు ఇప్పుడొచ్చిందేటి?"

అమ్మాయి నవ్వింది. పురుడయ్యాక అది నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ముద్ద మింగింది. ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది? అక్కర్లేని మందని తెలిసి కూడా పూటపూటా తిన్నది. వియ్యపురాలు ఊరెళ్ళేది, రెండు రోజులకు మళ్ళీ సొరతో వచ్చేది. వేట ఆపేసే రోజులు దగ్గర పడుతున్నాయని, పడవలు ఒడ్డున కట్టేస్తే రెండు నెలలు సొర మొహం చూడలేమని ఆవిడ తొందర.

సొరకు నిజంగా పాలు పడతాయో లేదో నాకు తెలియదు. మాత్రలు వేసినా కొందరికి కాస్త వస్తూనే ఉంటాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. కారణం ఏదైనా, ఆవిడ నాలుగోసారి వచ్చిన రోజు పొద్దున అమ్మాయి రవిక తడిసింది. నేను వంటింట్లో సీసాలు మరిగిస్తున్నాను. గదిలోంచి కేక వినిపించింది.

"పడినాయి! ఓ వదినా, పడినాయి! నాను సెప్పనేదా? సొరా మజాకా?"

పొయ్యి కట్టేసి వెళ్ళేసరికి ఆవిడ పసిదాన్ని తల్లి ఒళ్ళో పెట్టేసింది. రవిక హుక్కులు కూడా తనే తీస్తోంది. అమ్మాయి కాదనడం లేదు. చేతులు రెండూ పక్క మీద ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. పిల్ల వాసన పట్టి మొహం అటూ ఇటూ తిప్పుతోంది. నోరు తెరిచి వెతుకుతోంది. దానికి ఎవరూ నేర్పలేదు. డబ్బా పాల సీసాకి అది ఎన్నడూ అలా వెతకలేదు.

"వద్దు," అన్నాను.

"ఏటి ఒద్దు?"

వంగి పిల్లను తీసుకున్నాను. అది గుక్క పట్టి ఏడ్చింది. వియ్యపురాలు నా చేతుల వంక, నా మొహం వంక చూసింది. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు.

"ఓహో," అంది. "పాలు పడకపోడం కాదన్నమాట. ఉన్న పాలు దాసుకుని గుంటకి పొడి కలిపి పోస్తన్నారన్నమాట. ఏటే పిల్లా, అందం సెడిపోతాదనా? సదువుకున్న తల్లీ కూతుళ్ళు గదా, మీకు పాలు ఇవ్వడం నామోషీ ఏటి? నా సేత నాలుగు సొరలు మోయించి, లోపల నవ్వుకున్నారేటి?"

అమ్మాయి కళ్ళు తెరిచింది. నన్నే చూసింది. "అమ్మా, ఒక్కసారి. ఒక్కసారి ఇస్తే ఏమవుతుంది? నువ్వు అన్నీ లెక్క కడతావుగా, ఇది కట్టి చెప్పు."

ఈ ప్రశ్న అది అడుగుతుందని నాకు కడుపుతో ఉన్నప్పుడే తెలుసు. అందుకే డాక్టరమ్మను అడిగి పెట్టుకున్నాను. ఏడాది ఇస్తే ఎంత, ఆరు నెలలు ఇస్తే ఎంత అన్నది ఆవిడ కొంత చెప్పగలిగింది. ఒక్కసారికి ఎంత అంటే మాత్రం, ఆ లెక్క ఎవరి దగ్గరా లేదమ్మా అంది. బడిలో పిల్లలకు చెప్పేదాన్ని, జవాబు తెలియకపోతే ఊహించి రాయొద్దు, ఖాళీగా వదిలెయ్యండని. ఇప్పుడు నా కూతురు రవిక తడుపుకుని నా ఎదురుగా కూర్చుంటే, ఖాళీ తప్ప ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

"తెలీదమ్మా," అన్నాను. "ఎవరికీ తెలీదు. అందుకే వద్దు."

అది గోడవైపు తిరిగి పడుకుంది. కుట్లు నొప్పి పెట్టే వైపే తిరిగింది.

పిల్లకు సీసా పట్టాను. అది తాగి పడుకునేదాకా వియ్యపురాలు గుమ్మం దగ్గర పీట మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఊరెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోతే ఆ సాయంత్రానికే పద్మనాభం అంతా తెలుస్తుంది, కోడలు పాలుండీ ఇవ్వలేదని. ఆ మాటతో అమ్మాయి అత్తవారింట్లో ఎన్నేళ్ళు బతకాలి? అల్లుడికి ఇచ్చిన మాట గుర్తుంది. కానీ ఆ మాట నిలబెట్టుకోవడానికి నా దగ్గర ఓపిక కూడా మిగల్లేదు. ఆవిడను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాను.

"మా అబ్బాయి రక్తం జబ్బుతో పోయాడని మీకు తెలుసు కదా వదినా."

"తెలుసు. దినానికి వొచ్చినాను గదా."

"ఆ జబ్బు వాడికి నా పాలతో వెళ్ళింది."

"పాలతో సచ్చిపోతారేటి వదినా?" అంది, చిన్నపిల్లను మందలిస్తున్నట్టు.

చెప్పాను. పురుగు లాంటిదొకటి రక్తంలో ఉంటుందని, మా అమ్మకు ఉండేదని, నాకు ఉందని, నా పాలు తాగిన ఇద్దరికీ వెళ్ళిందని. ఇద్దరిలో ఒకడు పోయాడని, రెండోది ఆ గదిలో ఉందని. పసిదానికి వెళ్ళకుండా ఆపగల చోటు ఇదొక్కటేనని.

"ఇది ఆ పెద్ద జబ్బు కాదు గదా?"

"కాదు. అది వేరు, ఇది వేరు."

"మరి నా కొడుక్కి?"

అడుగుతుందనుకున్నాను, మొగుడూ పెళ్ళాల మధ్యా అది దాటగలదు. ఎవరైనా అడుగుతారు. "పరీక్ష చేయించాం. లేదు. ఏడాదికోసారి చేయిస్తాం."

"నిజవేనా?"

"నిజమే."

"నువ్వు లెక్కల మనిసివి, అబద్ధం ఆడవనుకుందును," అంది. "ఆడినావు, పాలు పడనేదని. సరే, ఇదీ నమ్ముతాను. ఏటి సేత్తాను, నమ్మకపోతే?"

గట్టు మీద పళ్ళెంలో ఆ పూట వండిన సొర పుట్టు చల్లారిపోయి ఉంది. ఆవిడ దాని వంక చూసింది. "ఇంక ఇది పిల్లకి పెట్టకూడదు. ఉన్న పాలే సాలు, నొప్పులొస్తాయి. పారేస్తే పాపం. కూకో, మనం తినేద్దాం. మనకింక పడవులే పాలు."

పీటలు వేసుకుని ఆ సొర ఇద్దరమే తిన్నాం. ఆవిడ వంటలో వెల్లుల్లి ఎక్కువ. బాగుంది. సగం తిన్నాక అడిగింది.

"నీ కొడుక్కి ఎన్నాళ్ళిచ్చినావు వదినా?"

"రెండేళ్ళ నాలుగు నెలలు."

"బాగా తాగీవోడా?"

"బాగా తాగేవాడు."

"ఆఁ," అంది. అంతే. మళ్ళీ పళ్ళెం వైపు వంగింది. వాడు పోయాక నాతో వాడి పసితనం గురించి మాట్లాడిన మనిషి ఆవిడే.

చేయి కడుక్కుని డబ్బులు కొంగున ముడేసుకుని బయటికి పోయింది. గంటకు పొట్లంతో వచ్చింది. అందులో మల్లెపూలు, కట్టినవి కాదు, విడివి. "పాలు మాన్పడానికి మల్లెపూలు కట్టాల. నీకు తెల్దేటి? పుస్తకాల్లో నేదేటి?" అంటూ కోడలి దగ్గరికి వెళ్ళింది. పాత పంచె చింపి, పూలు పరిచి, చుట్టి కట్టింది. నెల తిరక్కుండా బిడ్డలు పోయిన తల్లులకు వాళ్ళ పల్లెలో అలా కడతారట. ఆ సంగతి నాకు మాత్రమే చెప్పింది. కోడలికి మాత్రం, "సల్లగా ఉంటాది, ఒరుసుకోదు. పడుకో తల్లీ," అంది. పడుకునే ముందు కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రోజుకోసారి పూలు మార్చాం. వాడిపోయిన పూలు చెత్తలో వేయడానికి మనసొప్పక తులసి కోట మొదట్లో పోసేదాన్ని. పూలకో మాత్రలకో ఇంకో వారానికి పాలు పూర్తిగా ఇంకిపోయాయి.

ఇరవయ్యొకటో రోజు పేరు పెట్టడానికి వియ్యపురాలి ఆడపడుచు కూడా వచ్చింది. గట్టి నోరు గల మనిషి. పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుని, పక్కనున్న సీసా చూసి, "డబ్బా పాల పిల్లా? మన ఇళ్ళల్లో ఎప్పుడూ నేదే ఇలగ. పట్నపు పిల్లలకి పాలేటి పడతాయి, మొహానికి రాసుకోడానికే టైము సాలదు," అంది. అమ్మాయి మొహం దించుకుంది.

"ఏం? నాకు మాత్రం పడినాయేటి?" అంది వియ్యపురాలు పులిహోర కలుపుతూ. "నా కొడుకుని మేకపాలు పోసి పెంచినాను. ఎవులికీ సెప్పలేదు గాని."

అల్లుడి చేతిలో గ్లాసు నీళ్ళు ఒలికాయి.

"ఏటే, నా కళ్ళతో సూసినాను," అంది ఆడపడుచు. "గట్టు మీద కూకుని, ఆడికి మూడేళ్ళొచ్చినా..."

"నువ్వు సూసింది మేకనే. నాను పక్కన కూకున్నాను."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆడపడుచు కూడా నవ్వక తప్పలేదు. సొర పెట్టకపోయారా అని తర్వాత అడిగితే, వేట ఆపేశారు గదా, ఎక్కడ దొరుకుతుందని వియ్యపురాలే జవాబు చెప్పింది. అప్పటికి వేట ఆపి నాలుగు రోజులే అయింది. నేను సరిదిద్దలేదు.

పసిదాని రక్తం ఇప్పుడే పరీక్ష చేసి లాభం లేదట. తల్లి రక్తంలోంచి వచ్చిన గుర్తులు కొన్నాళ్ళు దాని ఒంట్లోనే ఉంటాయట. మూడేళ్ళు నిండాక చేస్తే నమ్మకంగా తెలుస్తుందన్నారు. అప్పటికి నాకు డెబ్బై మూడు. పాలు ఆపినా కడుపులోనే దాటి ఉండే అవకాశం కొద్దిగా ఉంది. కొద్దిగా అంటే ఎంతో తెలుసు, కానీ మా ఇంట్లో ఆ తక్కువ లెక్కలు ఎవరి మీద పడతాయో ఒకసారి చూశాను. అందుకని ఆ అంకె ఎవరికీ చెప్పలేదు.

అమ్మాయి ఇంకా దువ్వాడ వెళ్ళలేదు. వియ్యపురాలు ప్రతి ఆదివారం వస్తుంది. సంచిలో వంకాయలో, తోటకూరో ఉంటాయి. రాగానే చీర ఎగదోపి సీసాలు కడగడానికి కూర్చుంటుంది. పాలపీకను తిరగేసి రుద్దాలని నాలుగుసార్లు చూపించాను. రుద్దదు. ఆవిడ లేచాక అవన్నీ నేను మళ్ళీ కడుగుతాను. ఆవిడ చూస్తూనే ఉంటుంది. తర్వాత గుడ్డ తెచ్చి బియ్యం డబ్బా మీద పరుస్తుంది.